సంచి నిండా నీలం సీసాలు

నలభై దాటిన ఆడదానికి ఫోన్లో గేమ్ ఆడే పిచ్చి ఎట్ల పట్టిందని మా వీధిలో అందరికీ అనుమానమే. పిచ్చి కాదప్పా, గతి లేక. చెల్లెలితో మనసు విప్పి నాలుగు మాటలు మాట్లాడల్లంటే నాకు ఇంకో తావు దొరకలే. దానికోసరం పోయి పోయి దయ్యాలూ రాక్షసులూ తిరిగే లోకంలో పడితిని. ఆడ చేతికొక కర్ర పట్టుకొని, ఎవరివో తోటల్లో ఎలుకల్ని చంపుకుంటా తిరిగినా. మా ఇండ్లల్లో చీమను కూడా చంపరు, చీమలు పడితే చక్కెర డబ్బా ఎండలో పెట్టి, అవి పోయేదాకా కాచుకొని కూర్చుంటారు.

కంబదూరులో మాది కిరాణా అంగడి. నేనూ మా ఇంటాయనా చూసుకుంటాం. చెల్లెల్ని చిలమత్తూరులో ఇచ్చినారు. వాళ్ళది స్టీలు సామాన్ల వ్యాపారం, ఉమ్మడి సంసారం. చెడ్డోళ్ళని నేను చెప్పను. తిట్టరు, కొట్టరు, తిండికి తక్కువ చెయ్యరు. కాకపోతే ఆ ఇంట్లో సిగ్నల్ వచ్చేది ఒక్క నడింట్లోనే. ఫోన్ మోగితే అది ఆడనే నిలబడి మాట్లాడల్ల. చుట్టూ అత్త, మామ, తోడికోడలు, మరిది. దాని మొగుడు పొద్దంతా అంగట్లోనే. అందరి చెవులూ ఆ ఫోన్ మీదనే.

"బాగుండావా మే?" అంటా.

"ఆ, బాగుండానక్కా."

"అన్నం తింటివా?"

"ఆ."

"ఏమి కూర?"

"వంకాయ."

ఇదీ యవ్వారం. వంకాయ కూర సంగతి తెలుసుకునేదానికా నేను ఫోన్ చేసేది!

పోయిన ఎండాకాలం దాకా అది హిందూపురం పక్కన ఒక బట్టల కంపెనీలో కంప్యూటర్ పనికి పోతాండె. పొద్దున్నే కంపెనీ బస్సు ఎక్కి, కిటికీ పక్కన కూర్చొని నాకు ఫోన్ చేసేది. బస్సు దిగేదాకా నవ్వుకుంటా, ఒకరినొకరు తిట్టుకుంటా మాట్లాడుకొనేవాళ్ళం. ఉన్నట్టుండి పని మానేసింది. తోడికోడలికి కాన్పయింది, ఇంట్లో చేసేవాళ్ళు లేరంట. "నాకే ఇష్టం లేక మానుకొంటినక్కా, ఆ బస్సులో పోయొచ్చేకి ఒళ్ళు నొప్పులు" అనింది, నడింట్లో నిలబడి. నేను నమ్మలే. చిన్నప్పుడు మా ఇంట్లో గొంతంటే దానిదే. నాయన అంగట్లో ఉంటే వీధి చివర్నుంచి దాని అరుపు వినపడేది. అట్లాంటి పిల్ల "ఆ", "ఊ" అంటాంటే నేనెట్ల నమ్మేది? బాగుండావా అని అడిగితే నిజం చెప్పే తావు ఒకటి కావల్ల దానికి. నాకు కావల్సింది కూడా అదొక్కటే, ఒక నిజం మాట.

వాట్సాప్‌లో రాసుకోవచ్చు కదా అంటారు. ఆ ఇంట్లో కోడండ్ల ఫోన్ తీసి చూసేది తప్పని ఎవరూ అనుకోరు. ఫోటోలు చూస్తామని తీసుకుంటారు, మెసేజీలన్నీ చదివి ఇస్తారు. దాపరికం ఏముండాదిలే అని నవ్వుతారు కూడా. గేమ్ మాత్రం ఎవరూ తెరవరు. పిల్లల ఆట అని గమ్మునుంటారు. అందుకే ఒకనాడు చెల్లెలు నాకొక లింకు పంపించి, "దీంట్లోకి రా అక్కా, మధ్యాన్నం పూట ఆడుకుందాం" అని రాసింది. అర్థమైపోయింది నాకు. ఆడైతే రాసుకోవచ్చు.

ఆ గేమ్ ఫోన్లోకి ఎక్కించుకునేదే ఒక యజ్ఞం. మా అంగడి గడప మీద నిలబడితే సిగ్నల్ ఒక గీత, మిద్దె మీదకు పోతే ఇంకో గీత. ఎండలో మిద్దె మీద నిలబడి, చెంగు నెత్తిన వేసుకొని, ఆ గుండ్రం తిరిగేది చూస్తా ఉంటి. అంతా అయినాక ఫోన్లో జాగా లేదనింది. పెండ్లిండ్ల ఫోటోలు తీసేస్తి. మా ఇంటాయన అక్కచెల్లెండ్లవి ముందు తీసేస్తి, అబద్ధమెందుకు.

తర్వాత సర్వర్ ఎంచుకోమనింది. సర్వర్ అంటే నాకు తెల్సిందల్లా ఏ కాయితానికి పోయినా "సర్వర్ లేదు, రేపు రా పో" అనే మాటే. పైన ఏది కనపడితే దాన్ని నొక్కితి. ఆ లోకంలో చెల్లెల్ని వెతుక్కుంటా తిరిగినా తిరిగినా, యాడా లేదు. కనపడినోళ్ళందరినీ మా చెల్లెలు కనపడిందా అని అడిగితే, నవ్వే బొమ్మలు పెట్టి పోతాండారు. తీరా చూస్తే ఒక్కో సర్వర్ ఒక్కో లోకమంట, అది ఉండేది వేరే సర్వర్లో. ఈ బస్టాండులో ఆ ఊరి బస్సు కోసం కాచుకున్నట్టయింది నా బతుకు. ఆ మాట ముందే చెప్పేకి ఏమైంది దానికి? మళ్ళీ మొదట్నుంచి.

మనిషిని తయారు చేసుకోమనింది గేమ్. ఆడోళ్ళందరికీ పిడికెడు నడుమే. చీర లేదు. తెల్లవెంట్రుకలు పెట్టుకోవచ్చంట, ముఖం మాత్రం పడుచుపిల్లదే. ఆ అవతారం చూసి మా ఇంటాయన "ఎవరే ఈమె?" అన్నాడు. "నేనే" అంటే తువ్వాల నోట్లో పెట్టుకొని నవ్వినాడు. ఆయప్పకు ఆ పొద్దు అన్నం పెట్టలేదు నేను.

ఇంక ఆడ మొదటి పని ఏమిచ్చినారో తెల్సునా? ఒక ముసలాయన గుడిసె ముందర కూర్చొని, బావికి పోయి నీళ్ళు తెమ్మన్నాడు. ఓరి మీ ఇల్లు బంగారం గానూ! ట్యాంకరు వచ్చిన రోజంతా బిందెలు మోసి నడుము పడిపోయిన దాన్ని, ఫోన్లో కూడా నీళ్ళు మోయల్లనా? దానికి తోడు ఆ గుడిసె పక్కనే ఏరు పారతాంది. గలగలా పారతాంది, ఒక్క బిందె పెట్టినోళ్ళు లేరు, ఒక్క మోటరు వేసినోళ్ళు లేరు. అందరూ దాని మీద దూకుతా కత్తులు తిప్పుకుంటా పోతాండారు. నేను పని మర్చిపోయి ఆ గట్టు మీద నిలబడి చూస్తా ఉంటి.

చెల్లెలు నన్ను ఆడ పట్టుకొనింది. దాని ఆకారం చూస్తే నేను బిత్తరపోయినా. నిలువెత్తు కత్తి, భుజాల మీద కవచం, వెనక మందీ మార్బలం. ఒక జట్టుకు అది పెద్ద. గిల్డ్ అంటారంట దాన్ని. ముక్కూ ముఖం తెలీని మగోళ్ళు యాడాడ నుంచో ఆడతాండారు, అది "ఎడమకు పోండి" అంటే ఎడమకు, "ఆగండి" అంటే ఆగుతారు. ఇంట్లో గట్టిగా దగ్గని మనిషి! ఎంత సంతోషమయిందో, అంత మండింది కూడా. ఎందుకంటే నేను కష్టపడి ఒక్కొక్క అక్షరం వెతుక్కొని "బాగుండావా మే?" అని రాస్తే, అది ఏమనింది?

"అక్కా, ముందు నీ లెవెల్ పెంచుకో. ఇట్లుంటే జట్టులోకి తీసుకునేకి కాదు."

జట్టులో ఉండేవాళ్ళకే లోపల రాసుకునే వీలు. బయటోళ్ళు రాసేది ఊరందరికీ కనపడుతుంది. కాబట్టి లెవెల్ పెంచల్ల. నన్ను హీలర్‌గా ఉండమనింది. హీలర్ అంటే వెనక నిలబడి, ముందర దెబ్బలు తినేవాళ్ళకు ప్రాణం పోస్తా ఉండేది. సరే, పెంచినా. పందుల్ని చంపినా, ఎలుకల్ని చంపినా, ఎవరిదో పోయిన ఉంగరం వెతికిచ్చినా. జట్టులోకి పోయినాక తెలిసింది, అసలు చాకిరీ అప్పుడే మొదలని. పొద్దు పొద్దుకూ కొన్ని పనులు చెయ్యల్ల. చెయ్యనోళ్ళను వారం చూసి తీసేస్తారు. ఆ రూలు పెట్టింది ఎవరయ్యా అంటే నా తోబుట్టువే. "నాకు కూడానా?" అంటే, "అందరికీ ఒకటే రూలక్కా" అనింది.

తా దూర కంత లేదు, మెడకో డోలు అన్నట్టయింది నా పని. బెల్లం పళ్ళెం వెనక ఫోన్ ఆనించుకొని ఒక చేత్తో రాక్షసుల్ని కొడతా, ఇంకో చేత్తో పొట్లాలు కడతా ఉంటి. కందిపప్పు అడిగినోళ్ళకు శెనగపప్పు కట్టిస్తి. పాలు పొంగి పొయ్యంతా పారె. "ఏమే, ఆ ఫోన్లో ఏమన్నా పంట పండిస్తాండావా?" అని మా ఇంటాయన రోజూ ఒక మాట. కడాకు ఇట్ల కాదని నేనే ఒక కట్టడి పెట్టుకొంటి. మధ్యాన్నం అంగడి సగం మూసే పొద్దులో మాత్రమే ఆట. బేరం ఉన్నంతసేపు ఫోన్ లోపలింట్లో. ఆ కట్టడి బాగానే నడిచింది, మాట్లాడేది తప్ప అన్నీ జరిగినాయి. చెల్లెలు కూడా అందరూ కునుకు తీసే ఆ పొద్దుకే నడింట్లో ఒక మూల చేరేది. నేను "ఇంట్లో ఎట్లుండాది?" అని రాస్తే, "అక్కా వెనక చూడు వెనక!" అని రాసేది. "పని ఎందుకు మానేస్తివి, నిజం చెప్పు" అంటే, "తర్వాత చెప్తా, ముందు ఈ కోట గెలవల్ల" అనేది. చెవిటోని ముందర శంఖం ఊదినట్టే. రాసుకునేకని పిలిచింది అదే, రాసేకి తీరిక లేనిదీ అదే. నేను ఫోన్ గోడకేసి కొట్టల్లన్నంత కోపం తెచ్చుకొని, దుడ్లు పెట్టి కొన్నది గదా అని మళ్ళీ జాగర్తగా పక్కన పెడతాంటి.

ఇప్పుడు తలుచుకుంటే తెలుస్తాంది. ఆ లోకంలో అది రాణి. ఇంటి ఏడుపును ఆడికి తీసుకొచ్చి పెట్టుకునేకి దానికి మనసు రాలే.

కోట గెలిచే పొద్దు రానే వచ్చింది. ఎట్లాంటి పొద్దున వచ్చిందో చూడండి. ముందురోజు సాయంత్రం మా పక్క వాన పడింది. చాన్నాళ్ళకు పడిన వాన. పదునయింది. మా సీమలో పదునంటే ఏమో తెలియనోళ్ళకు చెప్తా. భూమిలో ఆ తడి ఉండేది కొద్దిపొద్దులే. ఆ లోపల విత్తనం పడల్ల. తడి ఆరిపోతే ఆ ఏడు పోయినట్టే. కాబట్టి తెల్లారేసరికి ఊరు ఊరంతా మా అంగడి ముందర ఉండాది. తాళ్ళు, గోతాలు, కూలోళ్ళకు టీపొడి, చక్కెర, బీడీలు. "శెట్టెమ్మా బిన్నే ఇయ్యమ్మా, విత్తేకి గొర్రు కట్టి వచ్చినా" అని ఒకటే అరుపులు. మధ్యాన్నం మూసేది కూడా లేదు.

అట్లాంటప్పుడు చెల్లెలు రాసింది. "అక్కా, నువ్వు రాకుంటే పని జరగదు. హీలర్ లేకుండా కోటలోకి పోయేకి కాదు. ఈ పొద్దు గెలిస్తే తీరిగ్గా మాట్లాడుకుందాం. ఒట్టు." ఆ ఒట్టు చూసి నేను పడిపోతి. మా ఇంటాయనకు తలనొప్పని చెప్పి లోపలికి పోయి, బియ్యం మూటల వెనక కూర్చొంటి. ఆయప్ప ఒక్కడే బయట కిందా మీదా పడతాండాడు.

చెల్లెలు జట్టులో అందరూ కూడబెట్టిన నీలం సీసాలన్నీ నా సంచిలో వేసింది. ప్రాణం పోసి పోసి హీలర్ శక్తి అయిపోతాది కదా, అప్పుడు ఒక సీసా తాగితే మళ్ళీ శక్తి వస్తాది. "అయిపోతానే తాగు అక్కా, చూడొద్దు" అని మరీ మరీ చెప్పింది.

చెప్పింది గానీ, చెప్పింది ఎవరికి? మా ఇండ్లల్లో ఎన్ని బిందెల నీళ్ళున్నా కడపటి బిందె ముట్టేది లేదు. సేద్యం చేసేవాళ్ళ ఇండ్లల్లో విత్తనకాయల మూట ఉంటాది. ఇంట్లో గింజ లేకుండా పస్తున్నా ఆ మూట విప్పరు, వాన పడేదాక దాని పక్క చూడను కూడా చూడరు. ఈడ పుట్టినోళ్ళకు అది ఒకరు నేర్పించే పని లేదు. ఉండేదాన్ని ఉండనీయల్ల, ముందర ఇంతకంటే పెద్ద కష్టం ఉంటాది. నా చేతికి ఆ సీసాలు వచ్చినాయి.

కోట లోపల రాక్షసి లేచింది. మిద్దెంత ఉండాది. దున్నపోతు తల పెట్టుకొన్న ఒకాయప్ప మా జట్టులో అందరికంటే ముందర నిలబడి దెబ్బలు తింటాండాడు. నేను ప్రాణం పోస్తాండా. నా శక్తి అయిపోయింది. సీసా తాగల్ల. ఇప్పుడే ఎందుకులే, ఆయప్పకు ఇంకా సగం ప్రాణం ఉండాది గదా అనుకొంటి. కొంచేపటికి అది పావయింది. ఇప్పుడా? ఇంకా రాక్షసికి సగం బలం ఉండాదే, కడాకు ఏమి చేస్తాం? చెల్లెలు "అక్కా! అక్కా!" అని రాస్తాంది. ఒక సీసా తాగితి, ఒకే ఒక్కటి. దున్నపోతాయప్ప కూలబడె. తర్వాత ఆ రాక్షసి తిరిగి మా చెల్లెలి మీదికి వచ్చె. అయ్యో అని నేను సంచి తెరిచేలోపల అది కత్తి పట్టుకొన్నట్టే నేల మీద పడె. వెనకాల అందరూ పడిరి. అందరికంటే కడాన నేను పడితి, సంచి నిండా నీలం సీసాలతో.

దున్నపోతాయప్ప తెరంతా నిండేటట్టు తిట్లు రాసినాడు. హీలర్ సంచిలో ఏముండాదో జట్టు పెద్దకు కనపడుతాది. చెల్లెలు చూసింది. ఆయప్ప "ఈమెను తియ్యి, లేకుంటే మేమందరం పోతాం" అన్నాడు. నేను "మే, వాని మాట ఏందే?" అని రాస్తాండా, సగం కూడా రాయలే, తెర మీద ఒక ముక్క వచ్చింది. మీరు ఇప్పుడు ఈ జట్టులో లేరు.

నాకు ఒళ్ళు మండిపోయింది. తోడబుట్టిన దాన్ని! పదును పొద్దున అంగడి వదిలిపెట్టి వచ్చిన దాన్ని! ఇంత చేసి నాకు దొరికిందేమి? మాట్లాడే ఆ ఒక్క తావు కూడా పోయింది. మళ్ళీ ఆ నడింటి ఫోనే, మళ్ళీ వంకాయ కూరే. మూటల వెనక నుంచి లేచి బయటికి వచ్చినా. "తలనొప్పి తగ్గిందా?" అని మా ఇంటాయన అడిగితే కసిరినా. గోతాలు అడిగినాయన "పెద్దవి ఉండాయా?" అంటే ఆయన మీద కూడా ఎగిరినా. "ఏమప్పా, ఇంత వాన పడితే శెట్టెమ్మకు ఎండ తగిలింది" అని ఆయన పక్కోనితో అంటాండాడు.

అప్పుడు ఫోన్ మోగింది. చెల్లెలు. అదంతట అది ఆ ఇంట్లోనుంచి ఎప్పుడూ ఫోన్ చెయ్యదు. తీసినానో లేదో చెవి అదిరిపోయింది.

"సంచి నిండా పెట్టుకొని నన్ను చంపితివి గదే అక్కా! అయిపోతానే తాగమని చెప్పలేదా? తిక్కదానా! ఎప్పటికని దాచిపెట్టినావు? చెప్పు, ఎప్పటికని?"

అరుస్తాంది. నడింట్లో నిలబడి, చిన్నప్పుడు వీధి చివర అరిచినట్టే అరుస్తాంది. వెనక వాళ్ళ అత్త నిద్ర లేచినట్టుంది, "ఎవరమ్మా? ఏమైంది? ఎందుకట్ల అరుస్తాండావు?" అని వినపడుతాంది. నాకూ ఆగలే.

"ఎప్పటికా? నువ్వు ఆ ఇంట్లో నోరు ఎప్పటికని దాచిపెట్టుకొని ఉండావో, నేనూ అప్పటికే! నన్ను జట్టులోనుంచి తీసేకి మాత్రం వస్తాది నీకు. బాగుండావా అంటే నిజం చెప్పేకి రాదు!"

అంగడి ముందర అందరూ నన్నే చూస్తాండారు. అది ఫోన్ పెట్టేస్తాదేమో అనుకొంటి. పెట్టలే.

"బాగలేనక్కా" అనింది. అరవలే, గొంతు తగ్గించనూ లేదు. ఆ ఇంట్లో అందరికీ వినపడేటట్టే అనింది. "నేను పని మానుకోలేదు. మాన్పించినారు. నీ కాళ్ళకు దండం పెడతా, ఫోన్ పెట్టొద్దు. నువ్వేమీ మాట్లాడొద్దు. ఊరికే లైన్లో ఉండు."

ఉంటి. ఫోన్ అది చేతిలోనే పట్టుకొని పక్కకు తిప్పినట్టుంది. "అత్తా, నేను సోమవారం నుంచి మళ్ళీ పనికి పోతా" అనేది వినపడింది. అత్త ఏమో అనింది. మరిది గొంతు లేచింది. "ఇంట్లో ఎవరు చేస్తారు?" అని ఒకరు, "మీ అక్క నేర్పించిందా ఇదంతా?" అని ఒకరు. నా నాలుక దురద పెడతాంది. ఒక్క మాట, ఒకే ఒక్క మాట అనల్లని ప్రాణం కొట్టుకుంటాంది. పెదవి కొరుక్కొని ఉంటి. చెల్లెలు మాత్రం ఆగలే. "నాకెవరూ నేర్పించలే. నాకే పోవల్లని ఉండాది" అని ఒక్కొక్కరికీ జవాబు చెప్తానే ఉండాది.

ఈడ జనం పెరిగిపోయినారు. "ఏమ్మా, తడి ఆరిపోతాంది, గోతాలు ఇయ్యమ్మా" అని గోల. ఒక చేత్తో గోతాలు తీసి ఇస్తి, దుడ్లు తీసుకోమని మా ఇంటాయనకు సైగ చేస్తి. ఫోన్ మాత్రం చెవి నుంచి తియ్యలే. చెయ్యి తిమ్మిరెక్కింది. ఆడ గొంతులు లేస్తాండాయి, తగ్గుతాండాయి. అందరిలోకీ దాని గొంతు నాకు తేటగా తెలుస్తాంది.

మా ఇంటాయన తక్కెడ ముందర చెమటలు కారుకుంటా, "అంతసేపట్నుంచీ ఎవరితోనే మాట్లాడతాండావు, ఇంత గిరాకీ పెట్టుకొని?" అని కసిరినాడు.

"మాట్లాడేది లేదు. వింటాండా" అన్నా.